గంప నడిచినంత దూరం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ సూర్యుడి కోసం ఆగదు. వేటకి వెళ్ళిన మరబోట్లు చీకటితోనే జెట్టీకి చేరతాయి. లైట్ల వెలుగులో మెరిసే తడి సిమెంటు గట్టు మీద చేపలు కుప్పలు పడతాయి, పడీపడగానే వేలంపాట మొదలవుతుంది. ఐసు బళ్ళు, ప్లాస్టిక్ ట్రేలు, మోకాలి దాకా చీర ఎగదోపుకున్న ఆడవాళ్ళు. "రా బాబూ, కోనాం ఉంది, ముక్కలు కొట్టించమంటావా?" "వంజరం సూడమ్మా, మొప్ప తీసి మరీ సూడు." "కానాగంతలు! ఇప్పుడే దిగినాయి!" సంచీ పట్టుకుని వచ్చినవాడికి ఆ అరుపుల్లో వినిపించేది బేరమే. ఆ పేర్ల వయసు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

కోనాం, వంజరం, కానాగంత. ఈ మూడు పేర్లూ రెండు వందల ఏళ్ళకు పైబడి అచ్చులో ఉన్నాయి. ఇదే ఊళ్ళో విని వాటిని కాగితం మీద పెట్టినవాడు ఒక స్కాట్లండ్ వైద్యుడు.

ఆయన పేరు ప్యాట్రిక్ రస్సెల్. సిరియాలోని అలెప్పో నగరంలో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, ప్లేగు వ్యాధిని దగ్గరగా చూసిన మనిషి. తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువు కుదరడంతో అతని వెంట 1780ల్లో ఈ తీరానికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని కర్నాటిక్ ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. జనం ఆయన్ని పాములవాడిగానే గుర్తుంచుకున్నారు. రక్తపింజరిని ఇంగ్లీషువాళ్ళు రస్సెల్స్ వైపర్ అనేది ఈయన పేరు మీదే. కానీ విశాఖలో ఉన్న రోజుల్లో ఆయన పాముల్ని చూసినంత శ్రద్ధగానూ చేపల్ని చూశాడు. దొరికిన రకాన్నల్లా బొమ్మ గీయించాడు, కొలతలు రాసుకున్నాడు. ఆ కృషి ఫలితంగా 1803లో లండన్‌లో రెండు సంపుటాల గ్రంథం వెలువడింది. కోరమాండల్ తీరంలోని విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు అని దాని పేరులోనే ఉంది.

ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముందు మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. చాలా బొమ్మలకు రస్సెల్ ఇక్కడ తన చెవిన పడిన పేరునే శీర్షికగా పెట్టాడు. అతని ఇంగ్లీషు స్పెల్లింగుల్ని తెలుగు నోటితో చదివితే కోనం, వింజెరం, కనగుర్త అని వినిపిస్తాయి. నల్ల చందువ, తెల్ల చందువ కూడా అందులో ఉన్నాయి.

కథ అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియే ప్రపంచంలోని చేపల్నన్నిటినీ వర్గీకరించే పనిలో ఉన్నప్పుడు రస్సెల్ బొమ్మలు ఆయనకు ఆధారమయ్యాయి. 1816లో కువియే మన కానాగంతకు శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్ రాసిన కనగుర్త అన్న మాటనే తీసుకున్నాడు. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా ఎక్కడ దొరికినా ఆ చేపను శాస్త్రం నేటికీ రాస్ట్రెలిగర్ కనగుర్త అనే పిలుస్తుంది. జెల్లో అనే మరో పేరు కూడా ఇలాగే బారకూడా జాతిలో ఒక చేపకు స్థిరపడింది. విశాఖ ఒడ్డున, బహుశా గంప ముందు కూర్చున్న ఏ ఆడమనిషి నోటి నుంచో వచ్చిన మాట లాటిన్ నామావళిలోకి ఎక్కి కూర్చుంది. ఆ మనిషి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు.

రస్సెల్ బొమ్మ గీయించిన కానాగంత తాజాదే అయి ఉండాలి. ఎందుకంటే ఆ కాలంలో చేపను తాజాగా చూడాలంటే సముద్రం పక్కనే ఉండాలి. మరో దారి లేదు.

అప్పట్లో ఈ తీరంలో వేటకి తెప్పా, పడవా ఆధారం. తెప్ప అంటే తేలికైన దుంగల్ని పక్కపక్కన పెట్టి తాళ్ళతో బిగించి కట్టినది. దుంగల మధ్య నుంచి నీళ్ళు వస్తాయి, పోతాయి, కాబట్టి మునగడమన్న ప్రశ్నే లేదు. పడవ అంటే పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టినది. మేకు కొట్టి బిగిస్తే ఒడ్డున విరిగే కెరటం దెబ్బకు పలక చీలుతుంది. తాడుతో కుడితే కెరటంతో పాటు పడవా వంగుతుంది. రేవులు లేని, ఇసుక మీదే దిగాల్సిన తీరానికి అదే సరైన ఏర్పాటు.

వేటకి ఇంజను గాలే. రాత్రి, తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి తెరచాపను లోపలికి తోస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం నుంచి ఒడ్డు వైపు వీచే గాలి తిరిగి ఇంటికి చేరుస్తుంది. అంటే చేప ఒడ్డుకొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. అక్కడి నుంచి చేపకూ ఎండకూ పందెం.

ఆ పందెంలో పరుగెత్తింది ఆడవాళ్ళే. ఉత్తరాంధ్రలో వాడబలిజలు, జాలర్లు, గోదావరి, కృష్ణా తీరాల్లో పల్లెకారులు, నెల్లూరు వైపు పట్టపువారు. కులం పేరు మారినా పని విభజన మారలేదు. వేట మగవాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. ఒడ్డున చేప దిగీదిగగానే తాటాకు గంపలోకి సర్ది, తల మీద చుట్టబట్ట పెట్టుకుని, గంప ఎత్తుకుని, ఊళ్ళోకి నడక. పరుగులాంటి నడక. చీకటి పడేలోగా ఆమె కాళ్ళు ఎంత దూరం పోతే తాజా చేప అంత దూరం పోయేది. తీరాంధ్రలో ఏ ఊరు పచ్చి చేప తిన్నది, ఏ ఊరు ఎండు చేప తిన్నది అనే గీతను గీసింది ఆ గంపే.

గీతకు అవతల ఉన్నది ఉప్పు రాజ్యం.

అమ్ముడుపోని చేపను సాయంత్రానికల్లా కడుపు చీల్చి, ఉప్పు పట్టించి, ఇసుక మీద ఎండబెట్టేవారు. నెత్తళ్ళలాంటి చిన్నవాటికి ఉప్పు కూడా అక్కర్లేదు, వేడి ఇసుక మీద పరిస్తే రెండు రోజుల్లో గలగలలాడతాయి. కానాగంత విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. దాని మాంసంలో ఉండే హిస్టిడిన్ అనే పదార్థాన్ని సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మారుస్తాయి. ఎండలో వదిలేస్తే ఈ మార్పు గంటల్లో మొదలవుతుంది. ఒకసారి హిస్టమిన్ పుట్టాక ఎంత ఉడికించినా పోదు. తిన్నవాళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు, మొహం ఎర్రబడటం, తలనొప్పి. చేపలవాళ్ళకి ఈ రసాయన శాస్త్రం తెలియదు గానీ, ఎండదెబ్బ తిన్న కానాగంతను ముట్టకూడదని మాత్రం బాగా తెలుసు.

ఉప్పు చేప వ్యాపారానికి అసలు దెబ్బ సముద్రం నుంచి కాక సర్కారు నుంచి వచ్చింది. బ్రిటిష్ పాలనలో ఉప్పు మీద పన్ను. చేప ఖరీదు కన్నా దానికి పట్టించే ఉప్పు భారమైతే ఎండబెట్టేవాడు ఏం చేస్తాడు? ఉప్పు తగ్గిస్తాడు, లేదా ఉప్పుమట్టి గోకి తెచ్చి వాడతాడు. చేప సగం కుళ్ళి సగం ఎండుతుంది. భారత్, బర్మా చేపల వ్యవహారాలపై అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే తీరం వెంబడి విచారించి 1873లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. చేప ఊరబెట్టే పనిని ఉప్పు పన్ను ఎలా దెబ్బతీస్తోందో అందులో చర్చించాడు. ఆ తరవాతి ఏళ్ళలో మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో చేపల ఉప్పు యార్డులు వెలిశాయి. ప్రభుత్వం కంచె వేసిన ఆవరణలో పన్ను లేని ఉప్పు ఇస్తుంది. చేపను అక్కడికే తెచ్చి, అక్కడే ఊరబెట్టి, ఎండబెట్టి బయటికి తీసుకుపోవాలి. ఉప్పు గింజ మాత్రం గేటు దాటకూడదు. ఉప్పు సత్యాగ్రహానికి అర్ధ శతాబ్దం ముందే ఈ తీరపు ఆడవాళ్ళకు ఉప్పు పన్ను అంటే ఏమిటో చేతులారా తెలుసు.

ఎండుచేప నడిచిన దూరం గంప కన్నా చాలా ఎక్కువ. తూర్పు కనుమల వారపు సంతలకు మైదానం నుంచి ఉప్పూ ఎండుచేపలూ ఎక్కేవి. కొండల మీది నుంచి చింతపండూ పసుపూ దిగేవి. అరకు, సాలూరు వైపు సంతల్లో ఎండుచేపల వరస ఈరోజుకీ కనిపిస్తుంది. పల్లెల్లో చేపలమ్మి డబ్బుకు బదులు ధాన్యం కొలిపించుకోవడమూ మామూలే. ఈ లెక్కన తీరంలో పొయ్యి మీద ఉడికే పులుసు దాకలో సముద్రం ఎంత ఉందో కొండ కూడా అంతే ఉంది. చేప కింది నుంచి వచ్చింది, పులుపు పై నుంచి వచ్చింది.

ఇక ఆ దాక దగ్గరికి వద్దాం.

కోస్తా ఇంట్లో చేపల పులుసుకి వెడల్పు మూతి ఉన్న మట్టి దాకే సరైనది. చేపను ముందు కల్లుప్పు, పసుపు వేసి బాగా రుద్దుతారు. జిగురు పోయేదాకా మూడు నీళ్ళు. కొందరు ఆఖరి నీళ్ళలో కాస్త చింతపండు పిసుకుతారు. ఇందులో కారణం ఉంది. చేప నీచువాసనకు మూలమైన అమైన్లు క్షార గుణం ఉన్నవి, పులుపు తగిలితే వాటి పొగరు అణుగుతుంది. కత్తిపీట ముందు కూర్చుని తల వేరు, తోక వేరు, నడుం ముక్కలు వేరు. నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి చీలికలు, కరివేపాకు మగ్గాక కారం, ధనియాల పొడి, చిక్కగా పిండిన చింతపండు పులుసు. పులుసు తెర్లినాకే ముక్కలు జారవిడవాలి. ఆపైన గరిటె ముట్టుకోకూడదు. గుడ్డతో దాక అంచులు రెండు వైపులా పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా కుదపాలి, అంతే. నూనె పైకి తేలి అంచుల్లో ఎర్రగా మెరిసినప్పుడు మెంతిపొడి, వెల్లుల్లి దంచి వేసి మూత పెట్టి దించేస్తారు. ఆ పూట తినేవాళ్ళు తింటారు గానీ, తెలిసినవాళ్ళు మర్నాటి పొద్దున చద్దన్నంలోకి ఒక ముక్క దాచుకుంటారు. రాత్రంతా పులుపూ ఉప్పూ ముక్కలోకి దిగాలి మరి.

ఈ పులుసు అనాదిగా ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. దాని ఎర్ర రంగు కొత్తది. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల ద్వారా మన దేశానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. దానికి ముందు వంటకు ఘాటు ఇచ్చింది మిరియమే. చింతచెట్టు మూలం ఆఫ్రికా అంటారు శాస్త్రజ్ఞులు, కాకపోతే అది మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నది కాబట్టి పరాయితనం పోయింది. పోపులో ఇప్పుడు పడే టమాటా అయితే మరీ కుర్రది.

ఏ చేపకు ఏ వంట అన్నదీ ఊరికే పుట్టలేదు. ముళ్ళెక్కువ ఉన్న కవ్వళ్ళను పుల్లటి పులుసులో నెమ్మదిగా ఉడికిస్తే సన్నముల్లు మెత్తబడుతుంది. నెత్తళ్ళు చిన్నవి. వాటికి వేసవిలో పచ్చి మామిడికాయ ముక్కలు జత. రొయ్యలకు చింతచిగురో గోంగూరో. చందువ మాంసం సుకుమారం, ముల్లు తక్కువ, పసిపిల్లలకూ బాలింతలకూ దాన్నే వెతుకుతారు. కోనాం, వంజరం అడ్డంగా ముక్కలు కొడితే చక్రాల్లా వస్తాయి, వేపుడుకి పుట్టినవి అవి. సొర సంగతి వేరు. సొరచేప ఒంట్లో యూరియా నిల్వ ఉంటుంది. చచ్చాక అది అమోనియాగా మారి ఘాటుగా కొడుతుంది. అందుకే సొరను ముందు పసుపు నీళ్ళలో ఉడకబెట్టి, తోలు వలిచి, పొడిపొడిగా చిదిమి, ఉల్లీ వెల్లుల్లీ దండిగా వేసి సొరపిట్టు చేస్తారు. చెడ్డ వాసనను గెలిచే ఉపాయమే ఒక వంటకమైంది.

గంప గీసిన గీతను చెరిపింది ఐసు. మన దేశానికి అది చేపల కోసం రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడలకెత్తి ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకు పంపాడు. మద్రాసులో 1842లో దానికోసం కట్టిన గిడ్డంగే ట్రిప్లికేన్ సముద్రపు ఒడ్డున నేటికీ ఐస్ హౌస్‌గా పిలుస్తున్న భవనం. ఇప్పుడది వివేకానందుడి స్మారకం. ఆ మంచు దొరల గ్లాసుల్లో కరిగింది. నాలుగడుగుల దూరంలో ఒడ్డున పడి ఉన్న చేపకు దాని చల్లదనం తగల్లేదు.

1890ల్లో తూర్పు తీరం వెంట రైలు వచ్చింది, 1933లో విశాఖలో రేవు తెరుచుకుంది. అయినా వేట తెప్పల మీదే సాగింది. మార్పు స్వాతంత్ర్యం తరవాతే. ఐక్యరాజ్య సమితి, నార్వే, భారత ప్రభుత్వాలు 1952లో చేసుకున్న ఒప్పందంతో కేరళలోని నీండకరలో మరబోట్లు, ఐసు ప్లాంటు మొదలయ్యాయి. అదే నమూనా క్రమంగా తక్కిన తీరాలకు పాకింది. నూలు వలల చోట నైలాన్ వలలు వచ్చాయి. నూలు వలను చెట్టు బెరడు కషాయంలో ముంచి ఎండబెడుతూ ఉండాలి, లేకపోతే కుళ్ళుతుంది. నైలాన్‌కు ఆ చాకిరీ లేదు. 1976లో విశాఖ ఫిషింగ్ హార్బర్ సిద్ధమైంది. మరబోటు పొట్టలో ఐసు నింపుకుని రోజుల తరబడి సముద్రం మీద ఉండిపోవడం అలవాటైంది. గాలి కోసం ఎదురుచూపు పోయింది, మధ్యాహ్నం ఎండతో పందెమూ పోయింది.

నిజానికి ఈ హడావిడంతా చేప కోసం కాదు, రొయ్య కోసం. గడ్డకట్టించిన రొయ్యకు జపాన్‌లో, అమెరికాలో మంచి ధర పలికింది. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ట్రాలింగ్ బోట్లు సముద్రపు అడుగును ఊడ్చి రొయ్యల్ని ఏరుకున్నాయి. వలలో పడిన తక్కిన చిన్నాచితకా చేపల్ని చాలాకాలం సముద్రంలోనే పారబోశారు. తరవాత వాటిని ఎండబెట్టి కోళ్ళ మేతకు అమ్మారు. ఒకప్పుడు బీద ఇంట్లో చింతచిగురుతో ఉడికిన రొయ్య ఎగుమతి డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఆ ఖాళీని 1990ల నుంచి చెరువులు నింపాయి. టైగర్ రొయ్యను తెల్లమచ్చ వైరస్ చావుదెబ్బ తీసింది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక రొయ్యల సాగు మళ్ళీ నిలదొక్కుకుంది. నేడు సముద్రం ఒడ్డునే ఉన్న విశాఖ మార్కెట్లో కొనే రొయ్య కూడా చాలావరకు భీమవరం వైపు చెరువులోదో, ఏ నెల్లూరు చెరువులోదో అయి ఉంటుంది.

ఐసు వల్ల ఇంకో తిరకాసు వచ్చింది. వెనక కొన్నది తాజాదా కాదా అని అడగాల్సిన పని ఉండేది కాదు. పచ్చి చేప అంటే ఆ రోజు చేపే. ఐసు వచ్చాక వారం కిందటి చేపా ఈరోజు చేపా ఒకే గంపలో పక్కపక్కనే పడుకోగలిగాయి. దాంతో చూపు కొనేవాడి బాధ్యతైంది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా నెత్తురోడుతున్నట్టుండాలి, గోధుమరంగు తిరిగితే వదిలేయాలి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, గుంటపడి మసకేస్తే పాతది. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట పగిలి ఉండకూడదు. పీతను చేత్తో ఎత్తి బరువు చూడాలి. అమావాస్య పీతకు కండ నిండుతుంది, పున్నమి పీత డొల్ల అని తీరంలో అందరి నోటా వినిపించే మాట.

హార్బర్‌లో పాట పెరిగేకొద్దీ పెట్టుబడి ఉన్నవాళ్ళే పెద్ద కుప్పలు ఎత్తుకుపోయారు. చిల్లరగా అమ్ముకునే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక కుప్ప పాడుకుని, గట్టు మీదే పోగులు వేసి పంచుకుంటారు. ఆ పంపకం చూడాల్సిందే. తక్కెడ ఉండదు. పెద్దది ఒకటి ఇటు వేస్తే చిన్నవి రెండు అటు. పోగులన్నీ సమానమని అందరూ ఒప్పుకునేదాకా చేపలు చేతులు మారుతూనే ఉంటాయి. తాటాకు గంపల చోట అల్యూమినియం గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు వచ్చాయి. నడక చోట ఆటో వచ్చింది. అప్పు మాత్రం అలాగే ఉంది. పొద్దున తెచ్చిన డబ్బుకు సాయంత్రం వడ్డీతో తిరిగి కట్టే లెక్క చాలామందికి రోజూ ఉన్నదే. ఫోన్లో నొక్కితే శుభ్రం చేసి ప్యాకెట్లో తెచ్చే కంపెనీలు వీధిలోకి వచ్చాక, వీళ్ళ పోటీ పక్క గంపతో కాదు.

ఈ తీరపు మనుషులు చేప వెంట చాలా దూరమే పోయారు. పూరీ సముద్రపు ఒడ్డున పెంటకోట బస్తీలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే మత్స్యకారులు వేల మంది. ఒడిశాలో వాళ్ళను నోలియాలంటారు. ఒడ్డున సరైన జెట్టీలు లేని శ్రీకాకుళం జిల్లా కుర్రాళ్ళు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. అలా వెళ్ళి 2018లో పాకిస్తాన్ జలాల్లో చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. బోటు నడిపించే పెద్దను తండేల్ అంటారు. తక్కిన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ మాట సినిమా పేరుగానే పరిచయమైంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి అది. జూన్ 7న గానీ 8న గానీ మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు అరుదు. హైదరాబాదు రాంనగర్ మార్కెట్లో కాలు పెట్టే చోటుండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రం మూసి ఉంటుంది. ఆ పండగ మొదటి నుంచీ చెరువులది, కొరమేనుది కాబట్టి సరిపోయింది.

నిషేధం మోటారు లేని సంప్రదాయ తెప్పలకు వర్తించదు. అంటే ఆ రెండు నెలలూ విశాఖ పెదజాలరిపేట ఇసుక మీద తెప్ప తెచ్చే నాలుగు చేపలే నిజంగా ఆ రోజు చేపలు. రస్సెల్ చూసిన ఒడ్డు ఏడాదిలో అరవై రోజులు తిరిగి వస్తుందన్నమాట.

చేప కొనడానికి వెళ్ళేవాళ్ళు ఆరులోపే ఒడ్డుకు చేరాలి. మూత ఉన్న స్టీలు గిన్నె ఒకటి, గుప్పెడు కల్లుప్పు పట్టుకెళ్ళడం మేలు. పీస్‌లు ఎంత అని అడగకుండా, చేపను చూపించి దీని పేరేంటమ్మా అని అడగండి. ఆమె పేరు చెబుతుంది, ఎలా వండాలో కూడా చెబుతుంది. ఆ పేరు రాసుకోండి. రస్సెల్ చేసింది కూడా అదే. మీరు ఆమె పేరు కూడా రాసుకోవచ్చు.